ఆర్డిస్ వదిన ఇస్త్రీపెట్టె

అమెరికాలో మినసోటా రాష్ట్రపు ఓ చిన్న ఊళ్ళో లూథరన్ చర్చి వంటగదికి ఆర్డిస్ మకుటంలేని మహారాణి. పాస్టర్లు మారేవారు గానీ ఆర్డిస్ మారేది కాదు. ఊళ్ళో ఎవరి చెక్కబల్ల మీద వేడిగిన్నె తెల్లమచ్చ పెట్టినా ఆవిడకే కబురు. ఇస్త్రీపెట్టె సంచిలో వేసుకుని బయల్దేరేది. మచ్చ మీద పొడి నూలుగుడ్డ పరిచి, వెచ్చటి పెట్టెను తగిలించి తీసేస్తూ ఉంటే, పాలిష్‌లో ఇరుక్కున్న తేమ గుడ్డకెక్కేది. పనిలో వంక పెట్టడానికి లేదు. నోరే పాడునోరు.

ఆడపడుచు లవోన్ అంటే మరీ లోకువ. ఎప్పుడో పాపం తన బల్ల మీద మచ్చకి ఎవరో చెప్పారని మయొనైజు రుద్దింది. "ఏమే, బల్లని శాండ్‌విచ్ అనుకున్నావా?" అని పదిమందిలో అడిగింది ఆర్డిస్. ఆ తర్వాత ప్రతి క్రిస్మస్‌కీ అడుగుతూనే ఉంది.

ఒక ముసలి రైతు అంత్యక్రియల భోజనాలకి ఆడవాళ్ళంతా మాంసం, కూరలు కలిపి ఓవెన్‌లో వండే హాట్‌డిష్ గిన్నెలు తెచ్చారు. తినడాలయ్యాక, చర్చిలో ఓక్ బల్ల మీద పరిచిన పలచటి గుడ్డ తీస్తే కింద పెద్ద తెల్లమచ్చ. ఆ బల్ల ఆర్డిస్ మామగారు ఇచ్చింది.

"ఏ మహాతల్లి నిర్వాకమిది?" అని లేచింది ఆర్డిస్. "గిన్నె కింద మందపాటి గుడ్డ వెయ్యాలన్న ఇంగితం లేనివాళ్ళు హాట్‌డిష్ వండటమెందుకు? పశువుల తొట్లో పోసుకు తినండి!"

కళ్ళజోడు పెట్టుకుని వంగింది. తెలుపు మధ్యలో, ఒకదాన్నొకటి అడ్డంగా దాటిన రెండు పట్టీల మేర మాత్రం చెక్క శుభ్రంగా ఉంది. గిన్నె తిరిగి ఇల్లు చేరాలని అందరూ అడుగున పేరు రాసిన కాగితపు టేపు ఒకటి అంటిస్తారు. లోకమంతా దొంగలని నమ్మే ఆర్డిస్ మాత్రం రెండు అంటిస్తుంది, ఒకదానిమీద ఒకటి, అడ్డంగా. టేపు ఉన్నచోట వేడి దిగలేదు.

అందరూ చూశారు. మచ్చ తన గిన్నెదేనని ఒప్పుకుంటే ఇక ఈ వంటగదిలో తనకెవరు భయపడతారు, అనుకుంది ఆవిడ.

"నేను గుడ్డ మీదే పెట్టాను. ఎవరో జరిపుంటారు," అంది ఆర్డిస్. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ!

"అయ్యుంటుంది వదినా," అంది లవోన్.

"అంతే, అంతే," అన్నారు మిగతావాళ్ళు కాఫీ కప్పుల్లోకి చూస్తూ. ఆ మర్యాదకి ఆర్డిస్ ఒళ్ళు మండిపోయింది. ఒక్కరు తిట్టినా బాగుండేది, తిరిగి తిట్టడం ఆవిడకి వచ్చిన విద్యే.

సంచిలోంచి ఇస్త్రీపెట్టె తీసి ప్లగ్గు పెట్టింది. లవోన్ మెల్లిగా దాన్ని తీసుకుంది. గుడ్డ పరిచింది, తగిలించింది, తీసింది. కాసేపటికి మచ్చ పోయింది.

"ఎక్కడ నేర్చావే?" అంది ఆర్డిస్.

"నువ్వు తిడుతూ చేస్తుంటే చూసి నేర్చుకున్నా వదినా."

ఆర్డిస్ ఇస్త్రీపెట్టె సంచిలో పెట్టుకుని మెట్లదాకా వెళ్ళింది.

"వదినా!" వెనకనుంచి లవోన్ ఎంతో ప్రేమగా పిలిచింది. "వచ్చే ఆదివారం హాట్‌డిష్ నేను చూసుకుంటాలే. నువ్వు జెల్లీ తీసుకురా. చల్లగా ఉంటుంది."

ఆర్డిస్ సరేనంది.