పూతకొచ్చిన జనుము

పెళ్లి కుదిరిన కొత్తలో మనిషికి లోకమంతా తన కోసమే పూస్తున్నట్టుంటుంది. నాకైతే పిట్టలవానిపాలెం దగ్గర మా పెద్దమ్మ పొలం పూస్తున్నట్టుండేది. అప్పుడే బాపట్లలో ఉద్యోగంలో చేరాను. శ్రావణంలో పెళ్లి. ఈలోగా ఫొటోలు దిగాలి (ఆ రోజుల్లో మాకు ముహూర్తం కంటే అదే ముఖ్యం). తెనాలిలో ఉన్న కాబోయే ఆవిడకు, కిందటేడు తీసిన జనుము చేను ఫొటో పంపి, ఆ పసుపుపచ్చ పూలన్నీ మావేనని గొప్పలు పోయాను. అయితే అక్కడే దిగుదామంది.

పెదనాన్న పోయాక పెద్దమ్మ ఆ మూడెకరాలూ ఒంటిచేత్తో చేస్తోంది. పేడ, బూడిద, పొట్టు, రాలిన ఆకు, కూరల తొక్కలు, ఆ ఇంట్లోంచి ఏది బయటికెళ్లినా పొలానికే వెళ్లాలి. (చుట్టాలు భోజనం చేసి లేస్తుంటే ఆమె చూపు అరిటాకుల మీదే ఉంటుంది.) నేను రోజూ ఫోన్ చేసి జనుము పూసిందా అని అడిగేవాణ్ణి. ఎందుకో చెప్పడానికి సిగ్గు. ఉద్యోగమొచ్చాక కూడా వీడికి పొలం మీద ఇంత ధ్యాసా అని ఆమె మురిసిపోయి, ఊరంతా చెప్పుకుందట. చివరికి ఒకరోజు, పూత మొదలైంది, ఆదివారం రమ్మంది.

ఆదివారం కాబోయే ఆవిడ వాళ్లక్కను తోడు తీసుకుని పట్టుచీరలో దిగింది. రేపల్లె నుంచి ఫొటోగ్రాఫరు లైట్లూ గొడుగులూ మోసుకొచ్చాడు. తీరా గట్టెక్కి చూస్తే సగం చేను లేదు. నీళ్లు పెట్టిన మడిలో ట్రాక్టరు తిరుగుతోంది. జనుమంతా పూలతో సహా బురదలోకి పోతోంది. గట్టు మీద పెద్దమ్మ పెళ్లిపెద్దలా నిలబడి ఉంది.

"రోజూ అడుగుతున్నావు గదరా. నీ కళ్లతో చూస్తావని ట్రాక్టరుని ఈరోజుకే రమ్మన్నా."

పూలెక్కడండి సార్ అని ఫొటోగ్రాఫరు నా చెవిలో గొణిగాడు. పెద్దమ్మకు అసలు సంగతి చెప్పి, మిగతాది ఒక్క వారం ఆపితే విరగబూస్తుంది కదా అన్నాను. పెద్దమ్మ ముఖం చిన్నబోయింది. కోప్పడలేదు.

"వారమాగితే కాడ ముదిరి నారైపోద్ది నాన్నా. ఇక తొందరగా కుళ్లదు. పచ్చిరొట్ట ఎరువు నేలకి లేతగా ఉన్నప్పుడే పెట్టాలి. అయినా మీ ముచ్చట కంటే ఎక్కువేం కాదులే. ఆపమంటావా?"

ఆపమనడానికి నేను నోరు తెరిచేలోపే, కాబోయే ఆవిడ చెప్పులు విడిచి, కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మడిలోకి దిగింది. పెద్దమ్మ వెంటే దిగి పిడికెడు మట్టి తీసి ఆమె చేతిలో పెట్టింది. ఒకప్పుడు ఎండితే పలుగు కూడా దిగని నేలట అది. ఏటా జనుము చల్లి, కలియదున్ని, పెంట తోలి, ఇప్పుడు వేలు పెడితే దిగేలా చేసుకుంది. ఈ మాటలు నాకెప్పుడూ చెప్పలేదు. నేనెప్పుడూ అడగలేదు మరి.

"ఆపొద్దండి అత్తయ్యగారూ, దున్నించేయండి," అంది ఆవిడ, మట్టి వాసన చూస్తూ.

నేనూ తక్కువ తినలేదని చూపించడానికి కొత్త షేర్వాణీతో మడిలో అడుగేశాను. రెండో అడుగుకి కూలబడ్డాను. పెద్దమ్మ నవ్వాపుకోలేక కాబోయే కోడలి భుజం పట్టుకుంది. ఆ క్షణాన్నే ఫొటోగ్రాఫరు నొక్కాడు.

ఇప్పుడు మా హాల్లో ఉన్నది ఆ ఫొటోయే. ముందు ఆడవాళ్లిద్దరూ మట్టి చేతులతో నవ్వుతున్నారు. వెనకాల బురదలో ఒక కుర్రాడు, కెమెరా కేసి చూస్తూ జుట్టు సవరించుకుంటున్నాడు. వాణ్ణి చూస్తే ఇప్పుడు కోపం రాదు. పాపం, పెళ్లికొడుకు.