రాజయ్య పేరు మీద బియ్యం

మా బాపమ్మ, అంటే నాన్నకు అమ్మ, పుట్టిన ఏడే వాళ్ల నాయన రాజయ్య రెండో ప్రపంచ యుద్ధానికి పోయాడు. మనిషి తిరిగి రాలేదు, చావు కబురూ రాలేదు. వాళ్లమ్మ చివరిదాకా బొట్టు తీయలేదు. అందుకే పెత్రమాసనాడు, ఇంటి పెద్దల పేర్లు తలచి, పూజలు చేయించే అయ్యగారికి బియ్యం ఇచ్చే ఆ అమావాస్యనాడు, ఆయన పేరు ఎవరూ ఎత్తలేదు. "నేను పోయేలోపల ఒక్కసారన్న మా బాపు పేరు మీద బియ్యమియ్యి బిడ్డా" అంది బాపమ్మ. ఇక నాకు ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు.

పెత్రమాసకు ముందురోజు హైదరాబాద్ జేబీఎస్‌లో బస్సెక్కి, ఐదు గంటల్లో జగిత్యాలలో దిగి లాడ్జీలో పడుకున్నాను. తెల్లారి ఆరింటి బస్సుకు కోరుట్ల ముప్పావుగంట. అక్కడ బాపమ్మ చిన్నాయన కొడుకు నర్సయ్య తాత ఉంటాడు. రాజయ్య పేరు మీద ఇవ్వడానికి నా సంచిలో తెచ్చిన బియ్యం, బీరకాయలు చూసి తల అడ్డంగా ఊపాడు.

"కబురు రానోళ్లకు బియ్యం ఎట్లిస్తం బిడ్డా? మా పెదబాపుతోని పోయిన లచ్చయ్య ఒక్కడే వాపసచ్చిండు. ఆయన మనుమడు సత్యం సిరిసిల్లల బట్ట నేసే సాంచాలు నడుపుతడు. పోయి అడుగు, గాయినకెరికుంటది."

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇన్నేళ్లయ్యాక ఇంకా కబురేమిటి? అయినా నోరు మూసుకుని వేములవాడ మీదుగా సిరిసిల్ల చేరాను. ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి దారిలో ఖర్చు చాయ్‌కే అయింది. పదకొండు కావస్తోంది. ఆటో ఆపి సత్యం పేరు చెప్పాను. "ఇయ్యాల సాంచాలు బందున్నయక్కా, ఇంటికాన్నే ఉంటరు" అంటూ ఆటో అన్న యాభైకి సత్యం ఇంటి ముందు దింపాడు.

మరమగ్గాలు ఆగిన ఆ ఇంట్లో సత్యం అయ్యగారి ముందు కూర్చుని ఉన్నాడు. తన వాళ్ల పేర్లన్నీ అయ్యాక, పక్కన ఇంకో విస్తరిలో బియ్యం పోసి మెల్లగా అన్నాడు: "ఎల్లయ్య, మల్లయ్య, కోరుట్ల రాజయ్య."

సంచి గడపలోనే దింపాను. నేనెవరో చెప్పేసరికి ఆయన కళ్లు నిండాయి.

"మా తాత కండ్లముందే బర్మాల పోయిండ్రట ముగ్గురు. తాత వాపసచ్చి చెప్తె ఇండ్లల్ల ఎవ్వలు నమ్మలే. ఎదురుచూసుడు ఇడువలే. వాళ్లియ్యకుంటె మనమియ్యాలెరా అని మా తాత చేసిండు, మా నాయిన చేసిండు, నేను చేస్తున్న. ఇగ నువ్వచ్చినవ్ గద చెల్లె, నీ చేతులతోనే ఇయ్యి."

బాపమ్మకు వీడియో కాల్ చేసి సంగతంతా చెప్పి, ఆమె చూస్తుండగా నా బియ్యం ఆ విస్తరిలో పోసి అయ్యగారికి ఇచ్చాను. తర్వాత బాపమ్మ అంది, "అయితె మా బాపు ఇన్నేండ్లు ఆకలితోని లేడన్నట్టే గదనే."

స్మారక స్తూపాలు చాలా చూశాను. నూలు పోగులతో బతికే ఆ మనిషి ముందు తల వంచినట్టు ఎక్కడా వంచలేదు. మీరూ ఇలాంటి పేరొకటి వెతుక్కుంటూ బయల్దేరితే, అయ్యగారు లేచిపోకముందే, పదకొండులోపు చేరండి. బియ్యం మాత్రం కాస్త ఎక్కువ పట్టుకెళ్లండి. నేను ఒక్కరికి సరిపడానే తీసుకెళ్లాను, అక్కడ ముగ్గురున్నారు.