పెద్దమ్మ దేవుడికి చెప్పే కబుర్లు

మా చిన్నప్పుడు... ఆదివారం మధ్యాహ్నం వంటవగానే పెద్దమ్మ గిన్నెల మూతలు ముట్టుకోనిచ్చేది కాదు. ముందు దేవుడికి. అరిటాకులో ముద్దపప్పు, దోసకాయ కూర, పైన ఇంత నెయ్యి... మా దేవుడి గదికి తలుపు ఉండేది కాదు. తాడు మీద పాత నేతచీర ఒకటి వేలాడేది. నైవేద్యం పెట్టి ఆ చీర అడ్డంగా లాగేసేది.

"ఆయన తింటున్నాడు. అటు చూడకండి, దిష్టి తగులుద్ది."

మా కడుపుల్లో ఎలుకలు పరిగెడుతుండేవి. పెద్దమ్మ మాత్రం గోడకి చేరగిలబడి, చీర వెనకున్న దేవుడితో కబుర్లు మొదలుపెట్టేది.

"చంటిదానికి లెక్కల్లో మార్కులు తగ్గాయి. నీకు తెలుసనుకో... అయినా చెబుతున్నా. పప్పులో ఉప్పు కాస్త ఎక్కువైంది, సర్దుకో."

చంటిదంటే నేనే. అమ్మ పోయాక నన్ను పెంచింది పెద్దమ్మే. దేవుడి దగ్గర కూడా నా పరువు తీస్తోందని ఒళ్ళు మండి, అన్నీ తెలిసినవాడికి మళ్ళీ చెప్పడం ఎందుకని ఒకరోజు అడిగేశాను.

"నువ్వు పుట్టకముందు నుంచీ నిన్ను ఎరిగినవాడే. తెలీక కాదే... ఒక్కడే కూర్చుని తింటే ఆయనకి మాత్రం ముద్ద దిగుద్దా?"

అంతటితో ఊరుకున్నానా... ఓసారి చీర తప్పించి చూసి, ఆకులో మెతుకు కూడా కదల్లేదని ఇల్లంతా టాంటాం చేశాను. పిల్లలంతా ఒకటే నవ్వు. పెద్దమ్మ కోప్పడలేదు.

"తినకపోతే ఏవైందే? మనతో కూర్చున్నాడుగా" అంది. ఆ మాట నాకప్పుడు అర్థం కాలేదు.

ఇప్పుడు సింగపూర్‌లో, బుకిట్ బటోక్‌లో ఒక అద్దెగదిలో ఉంటున్నాను. వంట కుదరదని ఇంటి ఆంటీ ముందే చెప్పేసింది. ఏ పూటైనా కింద వరసగా తిండి కొట్లుండే హాకర్ సెంటర్లోనే భోజనం. ఆఫీసులో అందరూ నన్ను ఇంటిపేరుతోనే పిలుస్తారు.

పోయిన నెలలో పెద్దమ్మ పోయింది. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది... చంటీ అని పిలిచేవాళ్ళు ఇంక లేరు. నేనెలాంటిదాన్నో మొదట్నుంచీ తెలిసిన మనిషి ఒక్కరూ మిగల్లేదు. ఏడుపు రాలేదు. భయం వేసింది.

మొన్న ఆదివారం ప్లేటు తెచ్చుకుని కూర్చున్నాను. ఇక్కడ ఎవరికైనా సీటు ఆపాలంటే టిష్యూ ప్యాకెట్ పెడతారు. చోప్ చెయ్యడం అంటారు దాన్ని. ఏమనిపించిందో... ఎదురు సీటు ముందు ప్యాకెట్ పెట్టేశాను. తల వంచుకుని, మెల్లగా, తెలుగులో దేవుడికి చెప్పాను... పెద్దమ్మ పోయిందని, నీకు తెలిసే ఉంటుందని. అన్నం ముందు కూర్చుని ఏడ్చేశాను.

ట్రే పట్టుకుని ఒక పెద్దాయన వచ్చి ఎదురు కుర్చీ చూపించాడు.

"సమ్‌వన్ సిట్టింగ్, ఆ?"

"యెస్ అంకుల్. మై ఫ్రెండ్."

ఆయన నా మొహం చూసి, ఇంకేమీ అడక్కుండా పక్క టేబుల్‌కి వెళ్ళిపోయాడు. అన్నం చల్లారిపోయింది. అయినా చాలా రోజుల తర్వాత ప్లేటు ఖాళీ చేశాను.

ఇప్పుడు మావాళ్ళ ఇళ్ళల్లో దేవుడి గదులకి చెక్కిన తలుపులు, రంగురంగుల లైట్లు... దణ్ణం పెట్టుకుని బయల్దేరిపోవడమే, కబుర్లకి తీరికెక్కడిది. మీ ఇంట్లో దేవుడితో అలా మాట్లాడేవాళ్ళు ఎవరుండేవారు? ఏం చెప్పేవారు? కింద రాయండి. ఈ ఆదివారం ఆయనకి చదివి వినిపిస్తాను... నా దగ్గర కబుర్లు తొందరగా అయిపోతున్నాయి.