క్యాంపు టీవీలన్నిట్ల నా ప్రోగ్రాం

ఇగో, చాయ్ గిలాసలు కింద పెట్టి ఇనుండ్రి, నవ్వితె మీద పోసుకుంటరు. కంప్యూటర్ నేర్చుకుంటనని పోయి, క్యాంపంత ఆగం జేసి, చేతికొచ్చిన చుట్టీ నేనే పోగొట్టుకున్న ముచ్చట!

తొంభైలల్ల మాట. బహ్రెయిన్ల, తుబ్లీ క్యాంపుల ఉంటుంటి. ఎలక్ట్రీషియన్ హెల్పర్ డ్యూటీ. గల్ఫుల యాడున్నా మా ఊర్లె మాత్రం 'దుబాయి పోయిండు' అనే అనేటోళ్లు. నేను పోయినంక నాకు బిడ్డ పుట్టింది. నడక గూడ నేర్చింది, ఫోటోల తప్ప నేను చూడలె. ఒక్కసారి ఎత్తుకోవాలె, 'బాపూ' అని పిలిపిచ్చుకోవాలె, ఇంకో ఆశ లేదు. గని ఇంటికి పోను చుట్టీ, అంటె సెలవు, ఫోర్‌మన్ చేతుల ఉండె. పాకిస్తానాయన, అందరం 'భాయ్' అనేటోళ్లం. "ఈసారి ఒక్కనికే చుట్టీ, ఎవరికో జుమ్మా నాడు చెప్త" అన్నడు.

గా జుమ్మా, అంటె శుక్రారం, పొద్దుగాల జిదాఫ్స్ బజార్ల, పాత సామాన్ల దుకాణంల ఒక కంప్యూటర్ కొన్న. ఇప్పటి లెక్క గాదుల్లా! ఉత్త కీబోర్డు. మెదడంత దాంట్లనే ఉంటది, టీవీకి తగిలియ్యాలె. ఇది నేర్చుకుంటె ఎండల పని తప్పి ఆఫీసు డ్యూటీ దొరుకుతదని నా ఆశ.

టీవీకీ దానికీ నడుమ పెట్టే స్విచ్ డబ్బా దుకాణపాయన ఇయ్యలె. నాకేం ఫికర్? కరెంటు పనోన్ని గద! యాంటెన్నా తీగ, కంప్యూటర్ తీగ, టీవీ తీగ మూడు కలిపి మెలేసిన. మిద్దె మీద యాంటెన్నా ఒక్కటే, అన్ని రూములకు దాని తీగలే అని తెలుసు. తెలిసి గూడ మెలేసిన సూడుండ్రి, గదీ నా తెలివి!

స్విచ్ వేసిన. నీలం తెర మీద 'ఓకే' అని వచ్చింది. ఆటలు లేవు, బొమ్మలు లేవు, మనం ఏదన్న రాస్తెనే అది చేస్తదట. నేనేం అడగకముందే ఓకే అన్నది! బహ్రెయిన్ల నాకు గంత జల్ది ఓకే చెప్పినోళ్లు ఎవ్వరు లేరు. ఇప్పుడు ఎన్ని కంప్యూటర్లు చూసినా గా సంబురం మల్ల రాలె.

దాంతోని ఇచ్చిన బుక్కు అరబ్బీల ఉంది గని, ప్రోగ్రాంలు ఇంగ్లిష్ అక్షరాలే. ఒక్కో అక్షరం ఎతుక్కుంట కొట్టిన. 10 ప్రింట్ "భాయ్ చుట్టీ దో", భాయ్ సెలవియ్యి అని. 20 గోటూ 10. అంటె రాసిందే మల్ల మల్ల రాసుకుంట పో అని. రన్ కొట్టిన. అబ్బ! తెర నిండ "భాయ్ చుట్టీ దో, భాయ్ చుట్టీ దో" పారుతున్నది! నాకు నేనే చప్పట్లు కొట్టుకున్న.

అంతల్నే బయట లొల్లి. ఆ పొద్దు షార్జా క్రికెట్, ఆఖరి ఓవర్. నా రూముల ఉండే రాజన్న, మా పక్కూరాయన, ఉరుక్కుంట వచ్చిండు.

"ఓ తమ్మీ, బంద్ చెయ్! అన్ని టీవీలల్ల చుట్టీ దో అనే వస్తున్నది. భాయ్ టీవీల గూడ! టీవీ స్టేషనోళ్లే మన దిక్కు మాట్లాడుతున్నరని కొందరు దండం పెడుతున్నరు!"

ఏ బటన్ నొక్కినా ఆగదు. ఎట్ల ఆపాల్నో బుక్కుల ఉంటది గని, అది అరబ్బీ! ప్లగ్గు గుంజి పారేసిన. జరసేపటికి తలెత్తితె తలుపు కాడ భాయ్.

"ఏ కిస్‌కా కామ్ హై?" ఎవరి పని ఇది అని అడిగిండు.

ప్లగ్గు ఎనుకకు దాచిన. చుట్టీ సంగతి దేవుడెరుగు, నౌకరీ పోతదనుకున్న. రాజన్నకు జాలేసినట్టుంది, ముంగటికి వచ్చి "నాదే భాయ్" అన్నడు.

భాయ్ పకపక నవ్విండు. ప్లగ్గు గుంజంగనే టీవీల మ్యాచ్ మల్ల వచ్చిందట, వాళ్ల పాకిస్తాన్ టీం గెలిచింది! "క్యా దిమాగ్ హై! యల్లా, చుట్టీ తేరీ. ఖలాస్!" చుట్టీ రాజన్నకే అని తేల్చిండు.

గప్పుడు లేచింది నా నోరు. "భాయ్, ఓ మేరా హై! మైనే లిఖా!" నాదే, నేనే రాసిన అని మొత్తుకున్న. రాజన్న గూడ "అవు భాయ్, ఈనిదే" అన్నడు. ఎవరింటరు? ఎనుక నిలవడ్డోళ్లందరు "మేరా, మేరా" అని ఒర్రుతున్నరు. భాయ్ నా దిక్కు చూసి, "అబ్ తో సబ్‌కా హోగా", ఇగ అందరు నాదే అంటరు అనుకుంట ఎల్లిపోయిండు.

క్యాంపు టీవీలన్నిట్ల రాసినోన్ని, అందుల నా పేరు రాస్తె ఏం పోయేదుల్లా? పోనీ, అడిగినప్పుడు ఒక్క 'నాదే' అనలేకపోతి, థూ నా బతుకు!

నా చుట్టీ తనకొచ్చిందని రాజన్న ఏడ్చుకుంట విమానమెక్కిండు. బిడ్డకు కొన్న గౌను ఆయనతోనే పంపిన. తిరిగొచ్చినంక అడిగిన, "అన్నా, మా బిడ్డ ఎట్లుంది?"

రాజన్న నా మొకం చూడకుంట అన్నడు, "మంచిగుంది తమ్మీ. ఏమనుకోకు... దుబాయికెల్లి అచ్చినోన్ని గద, ఎత్తుకోంగనే నన్నే 'బాపూ' అన్నది."