అద్దుడు లేకుండా బన్ను అమ్మబడదు

చీమక్కకి ఆ పేరు పెట్టింది అత్తగారు. మూత ఎంత బిగించినా డబ్బాలో చక్కెర ఉందని చీమకి తెలిసినట్టు, ఈ కోడలికి వాసన తెలిసిపోయేది. పాలు పొంగబోతున్నాయని వీధరుగు మీంచి చెప్పేది. పిండి పులిసింది చాలు, ఇంకో పావుగంట ఆగితే చెడుతుందని గిన్నె మీద గుడ్డ తియ్యకుండానే చెప్పేది. బన్నులు కాలడానికి గడియారం పెట్టుకోవడం ఆమె లెక్కలో చేతకానివాళ్ళ పని. కోడల్ని చీమ అనడం మెచ్చుకోలో ఎత్తిపొడుపో అత్తగారు పోయేదాకా తేల్చలేదు. వీధి మాత్రం పేరు చివర అక్కని తగిలించి మర్యాద చేసింది.

ఇంటి ముందుగదిలో ఇటుకల పొయ్యి. దాన్ని కట్టింది అత్తగారి కొడుకులిద్దరూ. ముందు తమ్ముడు పోయాడు, నాలుగేళ్ళకి అన్న పోయాడు. పొయ్యీ, ఇద్దరు తోడికోడళ్ళూ మిగిలారు. తోడికోడళ్ళంటే ఉప్పూ నిప్పూ అనుకునేవాళ్ళకి వీళ్ళని చూస్తే నిరాశే. అలాగని ఒకరి కోసం ఒకరు ప్రాణం పెట్టే రకమూ కాదు. చేతినిండా పనుంది. పోట్లాడుకోవడానికీ, పొగుడుకోవడానికీ తీరిక లేదు.

బన్నులు చీమక్కవి. మిరియాలు, జీలకర్ర, సోంపు, ఎండుమిరపకాయ వేయించి కచ్చాపచ్చాగా దంచి, వెన్నతో కలిపి, పిండిలో పిసికి, నిమ్మకాయంత ఉండలు చేసి పళ్ళెంలో ఒకదాన్నొకటి ఒరుసుకునేట్టు సర్దేది. కాలాక వాటిని విడదీస్తే పక్కలు మెత్తగా, దూది చీల్చినట్టు ఉండేవి. చిన్నకోడలిది అద్దుడు. బన్నుని అద్దుకుని తింటారు కనక ఆ ఇంట్లో దానికి అదే పేరు. వెన్న కరిగించి, చెంచాడు మైదా అందులో వేయించి, పాలు పోసి గరిటకి అంటుకునేదాకా తిప్పి, తురిమిన చీజ్ వేస్తే కరిగి తీగలు సాగుతుంది. వేడివేడిగా చిన్న గిన్నెలో పోసి ఇవ్వాలి. చల్లారితే బంకమట్టి.

ఒక చలికాలం చీమక్కకి జ్వరం వచ్చింది. వారం రోజులు మూలిగి లేచి, నడుముకి గుడ్డ కట్టుకుని మళ్ళీ పిండి కలిపింది. ఏమీ జరగనట్టే ఉంది. కానీ పిండి లేవడం లేదు. గంటకి పొంగాల్సింది రెండు గంటలకి పొంగుతోంది.

"ఈస్టు అమ్మేవాడు మనల్ని వెర్రివాళ్ళని చేస్తున్నాడే," అంది. ఆ ఈస్టు అమ్మేవాడు తిన్న తిట్లకి వాడి ఏడుతరాలూ పులిసి ఉండాలి.

మరో నాలుగు రోజులకి, పళ్ళేలు దించే గుడ్డ కొస పొయ్యి మూతికి తగిలి రాజుకుంది. కిటికీ దగ్గర చీజ్ తురుముకుంటున్న చిన్నకోడలికి కమురు వాసన కొట్టింది. చీమక్క ఆ గుడ్డకి జానెడు దూరంలో నిలబడి ఉండలు లెక్కపెట్టుకుంటోంది. చిన్నకోడలు వెళ్ళి గుడ్డని నీళ్ళల్లో పడేసింది. చీమక్క తలెత్తి, "అదేంటే, పొగ?" అంది. కళ్ళతో చూసి అడిగింది.

ఆ సాయంత్రం చిన్నకోడలు ఒక బన్నుని ఒట్టిదే కొరికింది. ఉప్పు చేదెక్కేంత ఉంది. మిరియం గొంతులో దిగబడింది. పిండి ఎందుకు లేవడం లేదో కూడా తెలిసింది. ఉప్పు ఎక్కువైతే ఈస్టు ఎక్కడ బతుకుతుంది? చిటికెడు పిండి నాలుక మీద వేసుకుని చూడటం చీమక్క అలవాటు. ఇప్పుడు చూస్తోంది, నాలుకకి ఉప్పు తగలక కాస్త వేస్తోంది, మళ్ళీ చూస్తోంది, మళ్ళీ వేస్తోంది.

"అక్కా, ఉప్పు కాస్త చూసి వెయ్యవూ?"

"ముప్పై ఏళ్ళ చెయ్యే నాది. నువ్వు నీ గరిట చూసుకో."

చిన్నకోడలు తన గరిటే చూసుకుంది. అంతకన్నా గొప్ప త్యాగమేదీ ఆమె తలపెట్టలేదు. నిజం చెప్పే ధైర్యం లేదు, బన్నులు పారబోసే స్తోమత లేదు. మర్నాటి నుంచి చీజ్ ముక్కలు కోసి తెల్లవారగానే నీళ్ళల్లో వేసేది. రెండుసార్లు నీళ్ళు మార్చేది. ఉప్పు పోయి చీజ్ పాలిపోయేది. అద్దుడులో చిటికెడు ఉప్పు కూడా వెయ్యడం మానేసి, పాలు పెంచింది. ఒట్టి బన్ను నోట పెట్టలేం, ఒట్టి అద్దుడు చప్పిడి పథ్యం. రెండూ కలిస్తే నాలుక లొట్టలు వేసింది.

వీధి విరగబడింది. "చీమక్కా, జ్వరం వచ్చాక నీ చెయ్యి ఇంకా తిరిగింది," అన్నారు. చీమక్క మొహం పొయ్యిలా వెలిగేది. ఒకటే ప్రమాదం: ఎవరైనా బన్నులు విడిగా అడిగితే. అందుకని చిన్నకోడలు పక్కింటి పంతులమ్మ చేత అట్టముక్క మీద రాయించి తగిలించింది, 'అద్దుడు లేకుండా బన్ను అమ్మబడదు' అని. జనం దాన్ని ఆ ఇంటి ఆనవాయితీ అన్నారు. పూర్వం నుంచీ ఉందని కూడా ఒకాయన చెప్పాడు. ఆనవాయితీల్లో సగం ఇలాగే పుట్టి ఉంటాయి.

చీమక్కకి మాత్రం ఆ అట్టముక్క గిట్టలేదు. "నా బన్ను ఒంటరిగా నడవలేదా? దానికి చేతికర్రా?" అని సణిగేది.

రెండేళ్ళు అలా గడిచాయి. ఒకరోజు చిన్నకోడలు పన్ను పీకించుకోవడానికి వెళ్ళింది. ఆ గంటన్నరలోనే టీకొట్టాయన వచ్చాడు. తన కొట్లో అమ్ముకోవడానికి నలభై బన్నులు కావాలి, ఒట్టివి. అద్దుడు గిన్నెలు కడిగే ఓపిక తనకి లేదు. "ఇవ్వరటగా?" అన్నాడు, అట్ట చూపించి.

"అది మా చెల్లి సరదా," అంది చీమక్క. "పట్టుకెళ్ళు. టీతో తిని చూడమను జనాన్ని."

మర్నాడు పొద్దున టీకొట్టాయన బుట్టతో తిరిగొచ్చాడు. బుట్టలో ముప్పై పైనే ఉన్నాయి. చిన్నకోడలు బూరెలా వాచిన బుగ్గకి గుడ్డ కట్టుకుని పాలు తిప్పుతోంది.

"చీమక్కా, ఏమీ అనుకోకు. ఇవి బన్నులా, ఉప్పుమడి నుంచి తెచ్చిన గడ్డలా? ఒక ముసలాయన కొరికి, మూడు టీలు తాగి, టీలో కూడా ఉప్పే ఉందని దెబ్బలాడాడు."

"ఆ ముసలాయన నోట్లో పుండేమో."

"అందరి నోళ్ళల్లోనా అక్కా?"

చీమక్క బుట్టలోంచి ఒకటి తీసి చిన్నకోడలి చేతిలో పెట్టింది. "నువ్వు తినవే. తిని చెప్పు."

పన్ను పీకిన గుంట ఇంకా పచ్చిగానే ఉంది. చిన్నకోడలు రెండోవైపు నమిలింది. ఉప్పు ఎటు నమిలినా గుంటలోకే వెళ్ళింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా బన్ను మొత్తం తినేసి, "బాగానే ఉంది," అంది. కడవ దగ్గరికి వెళ్ళి ఒక గ్లాసు తాగింది. ఇంకోటి తాగింది. మూడోది ముంచుతుంటే చీమక్క అంది:

"పన్ను నొప్పికి ఇన్ని నీళ్ళెందుకే?"

చిన్నకోడలు గ్లాసు దించింది. చీమక్క పొయ్యి మీది గిన్నెలోంచి గరిటెడు అద్దుడు తీసి, ఊది, టీకొట్టాయన ముందు పెట్టింది.

"ఇది తిని చెప్పు. ఉప్పుందా?"

ఆయన చిన్నకోడలి వైపు చూశాడు.

"దాని మొహం చూడకు. గరిట చూడు."

"లేదక్కా. చప్పగా ఉంది."

"చప్పగా అంటే ఎంత?"

"మా చంటిదానికి పెట్టొచ్చు."

ఆయన బుట్ట అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. చీమక్క పిండి బల్ల మీదే కూచుంది. ఎవరైనా ఆ బల్ల మీద కూచుంటే కాళ్ళు విరగ్గొడతాననే మనిషి.

"ఎన్నాళ్ళ నుంచి?"

"జ్వరం తగ్గిన దగ్గర్నుంచి."

"నాకు తెలుసే వాసన పోయిందని. తిరిగొస్తుందనుకున్నాను. రోజూ పొద్దున్నే మిరియాలు నలిపి ముక్కు దగ్గర పెట్టుకునేదాన్ని. ఒకటి రెండుసార్లు వచ్చినట్టే అనిపించింది కూడా." కాసేపు అరచేతులు చూసుకుంది. "మీరందరూ బాగుంది బాగుంది అంటుంటే, ముక్కు పోతేనేం, చేతికి గుర్తుందిలే అనుకున్నాను. వాళ్ళు మెచ్చుకున్నది దేన్నే?"

"రెండింటినీ అక్కా."

"దేన్ని అంటే చెప్పు."

దేన్నో చిన్నకోడలికీ తెలియదు. 

చీమక్క అరవలేదు, ఏడవలేదు. నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పి, ఉతికి, ఆరేసింది. మర్నాడు దాన్ని దండెం మీంచి తియ్యలేదు. చిన్నకోడలు బతిమాలింది. ఉప్పు నేను కొలిచి ఇస్తాను, కలపడం, ఉండలు చెయ్యడం నీదే, చేతులకేమైంది అంది. "కొలిచి ఇస్తే ఎవరైనా కలుపుతారు," అంది చీమక్క. ఆ తర్వాత గిన్నెలు కడగడానికి కూచుంది. నలుగురూ వచ్చి ఓదారుస్తామన్నారు. ఓదార్పు అంటే ఏముంది, ఎదుటివాడి దెబ్బ ఎంత లోతో వేలుపెట్టి చూడటమే. చీమక్క ఎవర్నీ కూచోబెట్టలేదు.

చిన్నకోడలు బన్నులు చేసింది. ఉప్పు సరిగ్గా, కారం సరిగ్గా. చీజ్ నానబెట్టడం మానేసింది. పిండి గంటకే పొంగింది. తప్పుపట్టడానికి ఏమీ లేదు. కానీ జనం తిని, గిన్నెలో కొంచెం వదిలేసి, "చెయ్యి మారిందా?" అనడం మొదలుపెట్టారు. నెలరోజులకి సగం మంది తగ్గారు. రెండేళ్ళలో వీధి నాలుక ఆ ఉప్పుబన్నుకీ ఈ చప్పిడి అద్దుడుకీ అలవాటు పడిపోయింది. అది పొరపాటని వాళ్ళకెవరు చెప్పాలి?

చివరికి ఒకరోజు చిన్నకోడలు చీమక్క వేసినంత ఉప్పు వేసింది, అంతే మిరియం వేసింది. అద్దుడు చప్పగా తిప్పింది. ఆ రోజు పళ్ళేలు ఖాళీ అయ్యాయి. "ఇదీ చీమక్క బన్ను," అన్నాడు టీకొట్టాయన, అద్దుకుని తింటూ. వేళాకోళానికి అనలేదు.

చిన్నకోడలు పెరట్లోకి ఇంచుమించు పరుగెత్తింది. చీమక్క ముక్కాలిపీట మీద కూచుని గిన్నెలు తోముతోంది.

"అక్కా, నీ బన్నే కావాలంటున్నారు. నీ ఉప్పుతోనే. నా లెక్కతో చేస్తే ఎవరూ తినలేదు. ఇవాళ నీలా చేస్తే ఒక్కటీ మిగల్లేదు."

"ఆహా."

"ఒట్టు అక్కా. నిజం."

"ఆ రెండేళ్ళు కూడా నిజంలాగే చెప్పావు కదే." గొంతులో కోపం లేదు. అందుకే చిన్నకోడలికి భయం వేసింది. "నీకు అబద్ధం చెప్పడం రాదనుకునేదాన్ని. వచ్చింది. చక్కగా వచ్చింది."

"టీకొట్టాయన్ని పిలవనా? ఆయన్నే అడుగు."

"నువ్వు పిలిస్తే ఆయన ఏం చెప్తాడో నాకు తెలియదూ?"

"మరి ఎవరు చెప్తే నమ్ముతావు?"

చీమక్క గిన్నె తిరగేసి, అడుగుని బొటనవేలితో రుద్ది చూసింది.

"నా ముక్కు చెప్తేనే నమ్మేదాన్నే. అబద్ధమైనా, మాడిపోయినా ముందు నాకే కదా తెలిసేది," అంది. "ఇప్పుడు నువ్వేది పెడితే అది తింటాను. ఏది చెప్తే అది వింటాను. అంతేలే. వెళ్ళు, ఎవరో వచ్చినట్టున్నారు."

ముందుగదిలో ఎవరో నిజంగానే పిలుస్తున్నారు, ఆరు బన్నులూ రెండు అద్దుళ్ళూ కావాలని. చిన్నకోడలు చేతులు తుడుచుకుని వెళ్ళింది.

చీమక్క ఆ తర్వాత నాలుగేళ్ళు బతికింది. పిండి ముట్టుకోలేదు. రోజూ పొద్దున చిన్నకోడలు బన్నూ అద్దుడూ పక్కన పెట్టేది, చీమక్క తినేది, తిని గిన్నె కడిగి బోర్లించేది. ఎలా ఉందని ఒకరు అడగలేదు, బాగుందని ఒకరు అనలేదు.