బరక పొడి

కొన్నేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. కక్కలేను, మింగలేను. పోలీసులు వచ్చేంత నేరమేమీ కాదు. కాఫీ పొడి సంగతి. విని మీరు నవ్వినా నవ్వుతారు. కానీ నవ్వే ముందు చివరిదాకా వినండి. చెప్పవలసిన మనిషి పక్క గదిలోనే ఉంది. ఆమెకు చెప్పలేకే మీకు చెబుతున్నాను.

నా భార్య వసంత నోటి రుచిని నేను పాడుచేశాను. కాదు, అలా అనడం కూడా తప్పించుకోవడమే. ఆమె నోరు బాగానే ఉంది. బాగాలేదని ఆమెను నమ్మించాను.

తిరుపతిలో ఒక కాలేజీ ఫిజిక్సు ల్యాబులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. స్క్రూ గేజీలు, త్రాసులు తుడిచి పిల్లలకు అందించి, మళ్ళీ బీరువాలో సర్దిపెట్టే ఉద్యోగం. మా వీధిలో పేరున్నది నాకు కాదు, వసంతకు. ఎవరింట్లో ఆవకాయ కలిపినా ఒక స్పూనెడు తమలపాకులో పెట్టుకొని మా గుమ్మంలోకి వచ్చేవారు. "అక్కా, ఉప్పు సూడు." ఆమె నాలుక చివర వేసుకొని, కళ్ళు మూసుకొని, "ఇంగో పిడికెడు పడల్ల" అనేది. అంతే, ఇక ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు. తెలిసినవాళ్ళ పెళ్ళిళ్ళలో సాంబారు దించే ముందు వంటవాళ్ళు ఆమె కోసం కబురు పెట్టేవారు.

ఇక ఆమె కాఫీ. చిత్తూరులో పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇనప కాఫీ మర మా వంటింటి గట్టుకు బిగించి ఉంటుంది. పైన గింజలు పోసి పిడి తిప్పితే కింద డబ్బాలోకి పొడి రాలుతుంది. లోపల తిరగలి రాళ్ళలాగా రెండు పళ్ళ చక్రాలు. పక్కన ఒక స్క్రూ. బిగిస్తే చక్రాలు దగ్గరై పొడి మెత్తగా వస్తుంది, వదులు చేస్తే బరకగా వస్తుంది. వసంత ఆ స్క్రూను ముట్టుకోగా నేను చూడలేదు. వాళ్ళమ్మ ఎక్కడ పెట్టిందో అక్కడే ఉండేది.

రిటైరయ్యాక నాకు పొద్దుపోలేదు. పొద్దుపోక కరెంటు కాఫీ గ్రైండరు మీద పడ్డాను. మిక్సీలో వేస్తే బ్లేడు గింజను నరుకుతుంది, సగం దుమ్ము, సగం నూక. చక్రాల గ్రైండరైతే అంతా ఒకే తీరుగా నలుగుతుంది. ఫోనులో వీడియోలు చూసి సంపాదించిన జ్ఞానమిది. ఉక్కు చక్రాలా, పింగాణీ చక్రాలా? మెత్తన, బరక మార్చుకోవడానికి ఎన్ని మెట్లుండాలి? నెలన్నర ఇదే ధ్యానం. మా అమ్మాయి సంబంధానికి కూడా అంత విచారించి ఉండను. చివరికి ముప్పై మెట్లున్నది తెప్పించాను. ఏ మెట్టులో ఏం వచ్చిందో నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఆరో మెట్టులో ఫిల్టరు మూసుకుపోయి చుక్క డికాషను దిగలేదు. పద్దెనిమిదిలో నీళ్ళలా జారిపోయింది. పదకొండు దగ్గర కుదిరింది. నిజంగానే బాగా కుదిరింది. వసంత ఒక గుక్క తాగి, "బాగుండాది" అని, లేచి వెళ్ళి తన మర తిప్పుకుంది.

ఆ వారమే ఆమె తమ్ముడు మునిరత్నం చిత్తూరు నుంచి వచ్చాడు. ఏది ఎవరిదో చెప్పకుండా రెండు గ్లాసులు అతని ముందు పెట్టాను. ల్యాబు బుద్ధి ఎక్కడికి పోతుంది? రెండూ తాగి, ఒక గ్లాసు ముందుకు జరిపి, "ఇది మా యక్కది. ఇంగోటి గూడా కాఫీనే లే బావా!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అరవై దాటిన మనిషికి అంత చిన్న మాట అంత లోతుగా దిగుతుందా? దిగింది. పెళ్ళాం కాఫీ మీద అసూయ! ఛీ, చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది. కానీ చెప్పాలనే కదా కూర్చున్నాను.

కొన్ని నెలలకు కరోనా మా ఇంటికీ వచ్చింది. నాకు రెండు రోజుల జ్వరంతో పోయింది. వసంతకు వాసన, రుచి రెండూ పోయాయి. కర్పూరం బిళ్ళ ముక్కు దగ్గర పెట్టుకొని పీల్చి, ఏమీ తెలియక, గోడకు ఆనుకొని ఏడ్చింది. దాదాపు రెండు వారాల తర్వాత ఒక పొద్దున మంచం మీది నుంచి కేకేసింది. "పక్కింట్లో ఇంగువ తిరగమోత పెడతాండారు!" పరుగున వెళ్ళి చూశాను. చిన్నపిల్లలా నవ్వుతోంది. ఆమెకు వాసన తిరిగి వచ్చిందని అందరికంటే ముందు తెలిసినవాణ్ణి నేను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నాకు తెలియక చేశానని రేపు మీరైనా నన్ను వెనకేసుకురాకూడదు.

చేతుల్లో బలం ఇంకా రాలేదు. మర తిప్పే పని నాకు అప్పగించింది. గింజలు పోశాను. స్క్రూ కంటపడింది. ఎందుకు తిప్పాను? ఒక్క పూట, ఒకే ఒక్క పూట, ఆమె కాఫీ నాదానికంటే పలచగా రావాలని. అంతకు మించి ఆలోచన లేదని ఒట్టేసి చెప్పగలను, కానీ నా ఒట్టుకు ఇప్పుడు విలువెంత? ముప్పాతిక తిప్పు వదులు చేశాను.

ఆమె డబ్బాలో పొడి తీసి రెండు వేళ్ళ మధ్య నలిపింది.

"పొడి బరకగా ఉండాదే. మీరు స్క్రూ ఏమన్నా కదిలించినారా?"

"నేనెందుకు కదిలిస్తా? ఎప్పటి మాదిరే ఉండాది."

డికాషను గబగబా దిగిపోయింది. ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, నా ముఖంలోకి చూసింది.

"నీళ్ళ మాదిరి ఉండాది. మీకు తెలస్తా లేదా?"

"బ్రహ్మాండంగా ఉండాది. నీకే ఇంకా నోరు కుదురుకోలేదు. జొరం చేసిన పనిది."

వసంత తన వేళ్ళను మళ్ళీ ఒకదానితో ఒకటి నలుపుకుంది. వాటికి పొడి కూడా లేదప్పుడు. "అట్లనా," అంది. "నాకు తెలస్తాండాదే అనుకుంటినే."

స్క్రూ తిప్పడం చిల్లర బుద్ధి. దాన్ని మరుసటి పూటే బిగించి ఉండవచ్చు. కానీ ఆ మాట? ముప్పై ఏళ్ళు నా మాటను నమ్మిన మనిషి, తన వేళ్ళు చెప్పిందాన్ని, నాలుక చెప్పిందాన్ని పక్కన పెట్టి, నేను చెప్పిందాన్ని నమ్మింది. రెండో రోజూ అదే పొడి వేశాను. మూడో రోజూ వేశాను. నాలుగో రోజు తనే నా గ్రైండరు కాఫీ అడిగింది. తాగి, "ఇదైతే కొంచెం తెలస్తాండాది" అంది. నాకు సంతోషం కలిగింది. దాచను, కలిగింది. ఇన్నేళ్ళ తర్వాత తలచుకుంటే నాకు భయం వేసేది ఆ సంతోషాన్ని చూసే.

ఆమె ఇక మర జోలికి పోలేదు. తర్వాతి వేసవిలో పక్కింటావిడ ఆవకాయ తెచ్చింది. వసంత ముట్టుకోలేదు. "నా నోరు జొరంలోనే పోయినాది తల్లీ. ఇంగెవురికన్నా సూపించుకో." నేను వరండాలో పేపరు ముఖానికి అడ్డం పెట్టుకొని, తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. పెళ్ళిళ్ళ నుంచి కబుర్లు తగ్గాయి, తర్వాత ఆగిపోయాయి.

డాక్టరు దగ్గరికి కూడా నేనే తీసుకెళ్ళాను. ఎంత నటన! ఆయన చిన్న చిన్న సీసాలు ఒక్కొక్కటే వాసన చూపించి, ఏ లోపమూ లేదమ్మా అన్నాడు. బయటికి వచ్చాక వసంత, "నేను బాధపడతానని అట్ల చెప్పినాడు, పాపం" అంది. చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు మళ్ళీ రాలేదు. నోరు తెరిచాను. తెరిచి, ఆటోను పిలిచాను.

మొన్న ఒక పొద్దున ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు పాత మరను శుభ్రంగా తుడిచాను. స్క్రూ బిగించాను. ముప్పాతిక తిప్పు, మరిచిపోతే కదా. చేత్తో తిప్పి పొడి చేసి, డికాషను దించి, పాలు కలిపి ఆమెకిచ్చాను. ఒక గుక్క తాగి ఆగింది. కళ్ళు మూసుకుంది. ఎన్నేళ్ళయింది ఆమె అలా కళ్ళు మూసుకోగా చూసి! ఇప్పుడు పోల్చుకుంటుంది, ఇప్పుడు అడుగుతుంది, అడిగితే అంతా చెప్పేస్తాను అనుకున్నాను.

"మీ కరెంటు మిషను గొప్పదేలెండి," అంది వసంత. "పోయిన నోటికి గూడా తెలస్తాండాదంటే సూడండి."

ఖాళీ గ్లాసు తీసుకెళ్ళి కడిగాను.

చేసుకున్నవాడికి చేసుకున్నంత అంటారు. కానీ ఇక్కడ చేసింది నేను, అనుభవిస్తున్నది ఆమె. చెబితే ఏమవుతుంది? కోప్పడితే పడతాను. వదిలి వెళ్ళేది కాదు. నా భయం అది కాదు. "అడిగినాను గదా, స్క్రూ కదిలించినారా అని" అంటుంది. అంతే అంటుంది. అలసిపోయాను. ఈ వయసులో ఇంత చిన్న అబద్ధం ఇంత బరువుంటుందని నాకు తెలియదు.

రోజూ మధ్యాహ్నం ఆమె గరిటెలో కొంచెం పులుసు తెచ్చి నా చేతిలో పోస్తుంది. "ఉప్పు సూడండి, నాకు తెలీదు గదా." నేను చూసి, సరిపోయిందంటాను. ఆ ఒక్క మాటలోనే నేను అబద్ధం చెప్పడం లేదు. ఇన్నేళ్ళలో ఒక్క రోజూ ఉప్పు ఎక్కువ కాలేదు, తక్కువ కాలేదు.

స్క్రూ నేనే తిప్పాను వసంతా. పొడి బరకగానే ఉండింది. నీకు సరిగ్గానే తెలిసింది.

ఇదిగో, రాసేశాను. కొంచెం ఊపిరి ఆడుతోంది. వంటింట్లో నుంచి పిలుస్తోంది. వెళ్ళి ఉప్పు చూడాలి.