కట్టినవాడే విప్పాలి

నా నోరు మంచిది కాదు. బర్రెల కొట్టంలో పెరిగిన నోరు అది, ఎవరినీ లెక్కచేయదు. అలాంటి నా నోరు ఉద్యోగంలో చేరిన మొదటి రోజే ఒక్క దెబ్బకు మూతపడింది. బల్ల మీదికి వచ్చిన క్లచ్చు నిండా దుమ్ముంటే చున్నీ కొసతో తుడవబోయాను. స్పానర్‌తో నా వేళ్ల మీద ఠక్కున ఒక్కటి పడింది.

"ముట్టకు పిల్లా! వచ్చింది వచ్చినట్టే చూడాలె!"

కొట్టింది కాకా. మాకు చుట్టమేమీ కాదు. షెడ్డులో అందరికంటే పాత మెకానిక్, అందుకని అందరికీ కాకానే. ఫలక్‌నుమాలో రైలు పట్టాల పక్కన రేకుల షెడ్డు మాది. అణు విద్యుత్ కేంద్రాల నుంచి ఈ క్లచ్చులు మాకు పరీక్షకు, మరమ్మతుకు వస్తాయి. రియాక్టర్‌ను ఆపే కడ్డీలు పైన వేలాడుతూ ఉంటాయి. కరెంటు ఉన్నంతసేపు వాటిని పట్టుకుని ఉండేది క్లచ్చే. కరెంటు తీసేస్తే క్లచ్చు వదిలేయాలి, కడ్డీ తన బరువుకు తానే కింద పడాలి, రియాక్టర్ ఆగిపోవాలి. లోపల గ్రీజు గట్టిపడిందంటే క్లచ్చు ఒక్క క్షణం ఎక్కువ పట్టుకుంటుంది. ఆ ఒక్క క్షణాన్ని కనిపెట్టడమే మా పని.

అందులోనే ఉంది అసలు తిరకాసు. పరీక్షలో క్లచ్చు ఒకసారి కడ్డీని వదిలిందంటే లోపలి గ్రీజు కదులుతుంది, రెండోసారి బుద్ధిగా వదిలేస్తుంది. తుడిచినా, ఊపినా, పక్కన తట్టినా అంతే. అక్కడ కేంద్రంలో ప్రమాదం వచ్చినప్పుడు ఎవరూ ముందుగా వచ్చి తట్టరు కదా. అందుకే మొదటిసారి పడిందే లెక్క. ఇది కాకా నాకు నేర్పిన మొదటి పాఠం.

రెండో పాఠం ఎర్ర ట్యాగు. ఫెయిలైనదానికి తీగతో ట్యాగు కడతాం. రాత బయటికి కనబడాలి. కట్టినవాడే విప్పాలి. మరమ్మతు అయ్యాక మళ్లీ పరీక్షకు పోయే ముందు కట్టినవాడే వచ్చి దాన్ని విప్పుతాడు. తుక్కుకు పోయేది మాత్రం ట్యాగుతోనే పోతుంది, దానికి విప్పేవాడు ఉండడు. ఒకసారి కాకా మేనకోడలి పెళ్లిలో ఉండగా, ఆయన కట్టిన ట్యాగును మా సారు, అంటే షెడ్డు పెద్ద, తానే తీసేయబోయాడు. మిగతా మెకానిక్‌లు ఒప్పుకోలేదు. కాకాకు కబురు పోయింది. తల మీద అక్షింతలతోనే వచ్చి, ట్యాగు విప్పి, మళ్లీ పెళ్లికి పోయాడు. అందరి ముందు తన మాట చెల్లనందుకు సారు మొహం మాడిపోయింది. అలాంటివి ఆయన మరిచిపోయే రకం కాదు.

పోయిన వానాకాలంలో కాకాకు పక్షవాతం వచ్చింది. మూతి సర్దుకుంది, కాలు సర్దుకుంది. కుడిచేతి వేళ్లు మాత్రం పొద్దునపూట మొండికేసేవి. వేడి చాయ్ గ్లాసు పట్టుకుని కాసేపు కూర్చుంటే మాట వినేవి. చూడటానికి పోయినప్పుడల్లా నాతో ఒకటే మాట.

"మీ చిన్నమ్మ నాకు చెంచతోని తినిపిస్తున్నది బిడ్డా. నా బల్ల కాడికి నేను పోకపోతే గీ బతుకు ఎందుకు? సార్‌ను అడుగు."

అడిగాను. సారు నవ్వి, "రమ్మను. చెయ్యి చూసి చెప్త" అన్నాడు.

చలి మొదలైన రోజులు. పొద్దున్నే కాకా ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. నేను గేటు బయట హోటల్లో చాయ్ చెప్పి ఆయన కోసమే కాచుకుని ఉన్నాను. గ్లాసు చేతికిస్తే తీసుకుని పక్కన పెట్టేశాడు.

"టెస్ట్ అయినంక తాగుత."

"వేళ్లు గట్టిపడి ఉన్నయి కాకా. జర వేడి తగలనియ్యి."

"ఊపి తెస్తే టెస్ట్ గాదు బిడ్డా."

నాకు ఒళ్లు మండింది. "నువ్వేమన్న క్లచ్చువా కాకా? మనిషివి! తాగు!"

"జిందగీ మొత్తం అందరికి గదే చెప్పిన. గిప్పుడు నా చేతి కాడికి వచ్చేసరికి తప్పుతనా?" అని లేచాడు. చాయ్ మీద మీగడ కట్టింది. గ్లాసు ఎత్తి ఆయన నెత్తిన పోద్దామన్నంత కోపం వచ్చింది నాకు.

సారు లోపల రెడీగా ఉన్నాడు. క్లచ్చు పళ్లేల మధ్య సందు కొలిచే సన్నటి ఉక్కు రేకును కాకా చేతికిచ్చాడు. కళ్లు మూసుకుని కూడా కాకా చేసే పని అది. మెకానిక్‌లందరూ చుట్టూ మూగారు. కాకా రేకును వేళ్ల మధ్య పట్టి సందులోకి దూర్చబోయాడు. వేళ్లు వదిలేశాయి. రేకు గచ్చు మీద టింగుమంది.

"ఇంకోసారి సార్," అన్నాను.

"ఇంకోసారి ఏంది? ఫస్ట్‌దే లెక్క. ఏం కాకా, నువ్వు చెప్పిందే గద?"

కాకా రేకు వైపే చూస్తూ తలూపాడు. "అవ్ సార్. ఫస్ట్‌దే లెక్క."

"మన దగ్గర కడ్డీలు పడాలె కాకా, రేకులు గాదు." ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత అందరూ. ఆ ఊపులో సారు డబ్బాలోంచి ఎర్ర ట్యాగు తీసి, దాని మీద ఫెయిల్ అని రాసి, కాకా చొక్కా గుండీకి తీగ చుట్టాడు. వెనక్కి జరిగి చూసి, ట్యాగును ఇటు తిప్పాడు. "రాత బయటికి కనబడాలె. గంతేనా కాకా?"

సారు నిర్ణయం తప్పని అనలేకపోవడమే నాకు ఇప్పటికీ కడుపుమంట. పట్టు తప్పే చేతిని ఆ బల్ల దగ్గర పెట్టకూడదు, ఆ మాట నేనైనా అంటాను. కానీ అది చెప్పడానికి నోరు చాలదా? ట్యాగు ఎందుకు? పది మంది నవ్వాలి, పెళ్లినాటి కసి తీరాలి. అందుకు.

నేను తీగ తెంపబోతే కాకా ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు. "ముట్టకు. సార్ గట్టిండు, సారే ఇప్పాలె." అలాగే బయలుదేరాడు. నేను వెంట నడిచాను. గల్లీ మలుపులో ఒక ఆటో అబ్బాయి తల బయటపెట్టి, "క్యా చచ్చా, సేల్ మే రఖే క్యా?" అన్నాడు. అమ్మకానికి పెట్టారా అని! "తేరే బాప్ కో లేకే ఆ, ఎక్స్‌చేంజ్ కర్ లేతే!" అని అరిచాను, మీ అయ్యను తోలుకురా, మార్చుకుందాం అని. వాడు ఆటో తిప్పుకుని పోయాడు. కాకా మాత్రం ఛాతీ మీద ట్యాగు ఊగకుండా అరచేత్తో ఆనించి పట్టుకుని నడిచాడు.

ఇంట్లో చిన్నమ్మ ట్యాగు చూసి సంగతి అడిగింది, నేను చెప్పాను. "వాని చేతులు పడిపోను!" అని తిట్టి, మొగుని చేతి వైపు చూసి నాలుక కరుచుకుంది. కత్తెర తెచ్చింది. కాకా దగ్గరికి రానివ్వలేదు.

"నీకు తెల్వదే. ట్యాగు గట్టిన్రంటే రిపేరుకు అన్నట్టు. మంచిగైతే సారే ఇప్పి మళ్ల టెస్ట్ పెడ్తడు."

ఆ మనిషి నిజంగానే నమ్మాడు. నవ్వులాటకు కట్టిన ట్యాగని ఊరంతటికీ తెలుసు, ఆయనకు తప్ప. పొద్దున లేవగానే చాయ్ ముట్టకుండా, చల్లటి వేళ్లతోనే చాటలో కందిపప్పు ఏరేవాడు. ముందు గుప్పెళ్లు గుప్పెళ్లు జారిపోయేవి. తర్వాత ఒక్కొక్క గింజ వేళ్లకు చిక్కింది. ఆ చొక్కా ఉతకాల్సి వస్తే ట్యాగు తడవకుండా దాని చుట్టూ క్యారీబ్యాగు కట్టించేవాడు. చిన్నమ్మ నాకది చూపించి, పిచ్చి పట్టిందే బిడ్డా అని ఏడ్చింది. నేను మాత్రం లోపల్లోపల ఆశ పెట్టుకున్నాను. గింజ చిక్కిన వేళ్లకు రేకు చిక్కదా?

చలి ముదిరాక ఒక పొద్దున వాచ్‌మన్ వచ్చి, కాకా గేటు దగ్గర నిలబడ్డాడని చెప్పాడు. ఉరికి సారు గదిలోకి పోయాను. ఆయన బార్కస్ తోటల నుంచి వచ్చిన జామకాయకు ఉప్పు అద్దుకుని తింటున్నాడు.

"సార్, కాకా వచ్చిండు. చెయ్యి మస్తు మంచిగైంది. మీరొచ్చి ట్యాగు ఇప్పి ఒక్కసారి చూడున్రి."

"ఇంకా ఉంచుకున్నడా దాన్ని?" ఆయన పగలబడి నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, నిదానంగా అన్నాడు. "రిపేరుకు పోయేదానికి ఇప్పుతం. స్క్రాప్‌కు పోయేదానికి ఇప్పుతమా? నీకు కాకా నేర్పలేదా?"

"మీకు మనుషులంటే గింత గూడ లెక్క లేదా సార్?" అని గది అదిరేటట్టు అరిచాను.

"గంత ఫికర్ ఉంటే నువ్వే పోయి ఇప్పు." మళ్లీ జామకాయ కొరికాడు.

తీగ కత్తిరించే కట్టర్ తీసుకుని గేటు దగ్గరికి పోయాను. కాకా అదే చొక్కాలో ఉన్నాడు, గడ్డం గీసుకుని, తల నున్నగా దువ్వుకుని. నన్ను చూడగానే జేబులోంచి ఒక కందిబద్ద తీసి రెండు వేళ్ల మధ్య నిలబెట్టి చూపించాడు.

"చాయ్ తాగలే బిడ్డా. వచ్చింది వచ్చినట్టే." కళ్లు మెరుస్తున్నాయి. నా వెనక తలుపు వైపు చూశాడు. "సార్ వస్తున్నడా?"

"నన్నే ఇప్పమన్నడు కాకా," అని కట్టర్ ఎత్తాను.

"నువ్వు గట్టలేదు గద."

కట్టర్ దించేశాను. కాకా నా చేతిలోని కట్టర్‌ను చూశాడు, మళ్లీ తలుపును చూశాడు, తర్వాత నా మొహాన్ని చూశాడు. నాకు నేర్పినవాడు ఆయనే, ఇంకొకరు విడమరచి చెప్పాల్సిన పని లేదు.

"గట్లనా," అన్నాడు. "అయితే నేను రిపేరు బాపతు గాదన్నట్టు."

కందిబద్దను జేబులో వేసుకున్నాడు. గాలికి ట్యాగు వెనక్కి తిరిగి ఉంది. కాకా కుడిచెయ్యి ఎత్తి, రెండు వేళ్లతో దాని అంచు పట్టుకుని, రాత బయటికి కనబడేటట్టు తిప్పుకున్నాడు. వేళ్లు ఏమాత్రం జారలేదు. అలాగే ఇంటి దారి పట్టాడు.